నాలుగు లాటిన్ మాటలు

పోయిన వారం నా పాస్‌పోర్టు రెన్యువలయి వచ్చింది. కవరు చింపి, పేరూ పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని బీరువాలో పడేయాల్సిన వస్తువది. నేను మాత్రం కిటికీ దగ్గరికి కుర్చీ లాక్కుని, మా ఆవిడ సూదిలో దారం ఎక్కించుకునేటప్పుడు వాడే భూతద్దం తెచ్చుకుని, అట్ట మీది రాజముద్రను చూస్తూ కూర్చున్నాను. ఒక పక్క సింహం, ఒక పక్క ఒంటికొమ్ము గుర్రం, పైన కిరీటం. అడుగున రిబ్బను మీద చీమ తలకాయంత అక్షరాలున్నాయి. అవి ఉన్నాయని ముందే తెలిసినవాడికి తప్ప కనిపించవు. నాకు తెలియజేసిన ఆయన పోయి ఏడాది కావస్తోంది. ఎంతసేపటికీ భూతద్దం దించకపోతే మా ఆవిడ చూపు తగ్గిందేమో చూపించుకోమంది. చూపు కాదు, సిగ్గు.

ఆయన్ని మేమంతా మాస్టారు అనేవాళ్ళం. నిజానికి ఆయన ఏ బళ్ళోనూ ఉద్యోగం చేయలేదు. ఓక్‌విల్ కార్ల ఫ్యాక్టరీలో పాతికేళ్ళ పైన పనిచేసి రిటైరయ్యారు. ఆయన పని కారు తలుపు చుట్టూ నల్ల రబ్బరు పట్టీ బిగించడం. గాలీ నీళ్ళూ లోపలికి రాకుండా అంచు పొడవునా బొటనవేలితో నొక్కుకుంటూ పోవాలి. ఆ నొక్కుడు ఆయన వేలికి అలవాటైపోయింది. మాట్లాడుతున్నంతసేపూ కుడి బొటనవేలు బల్ల అంచునో, పుస్తకం అట్టనో నొక్కుతూ ముందుకు పోతుండేది. ఒక మాట పూర్తయితే గట్టిగా ఒక నొక్కు నొక్కి ఆపేవారు. ఆ నొక్కు పడిందంటే ఆ విషయం మీద ఇక మీరేమన్నా ఆయన వినరు.

మే నెల వచ్చినా మెడలో మఫ్లర్ తీసేవారు కాదు. గోధుమరంగు కోటు ఒక్కటే ఉండేది. దాని ఎడమ జేబులో చిన్న ఫ్లాస్కు, అందులో అల్లం టీ. ఎదుటివాళ్ళకి మూతలో పోసి ఇచ్చి, తాను ఫ్లాస్కు మూతి దగ్గరే తాగేవారు. మనవాళ్ళు ఎక్కడ కలిసినా మొదట అడిగే ప్రశ్న ఒకటుంది కదా, మీదే ఊరండీ అని. ఆయన ఓక్‌విల్ అనేవారు. అది కాదండీ, అక్కడ, అని మనవాళ్ళు ఊరుకోరు. గుంటూరు దగ్గర అనేవారు. గుంటూరు దగ్గరంటే ఎక్కడ, ఇంటిపేరేమిటి అని ఇంకా తవ్వేవాళ్ళు. అప్పుడాయన ఎంతో మర్యాదగా, "ఇంకొంచెం టీ పోయమంటారా?" అని మూత అందుకునేవారు. ఆ తవ్వేవాళ్ళలో నేనూ ఉన్నాను. మాకు పరిచయమైన మొదటి రోజే తవ్వాను.

అప్పట్లో నేను సిటిజన్‌షిప్ పరీక్షకు చదువుతున్నాను. లైబ్రరీ కింది గదిలో శనివారాలు ఆయన ఉచితంగా క్లాసు చెప్పేవారు. ఆరేడుగురం వెళ్ళేవాళ్ళం. మిగతా పుస్తకమంతా నాలుగు క్లాసుల్లో పరుగు పెట్టించిన మనిషి, రాజముద్ర ఉన్న పేజీ దగ్గర రెండు శనివారాలు ఆగిపోయారు. మా జేబుల్లోంచి చిల్లర తీయించి రాణిగారి తల చుట్టూ ఏం రాసుందో చదవమన్నారు. దేవుడి దయవల్ల రాణి అని లాటిన్‌లో పొడి అక్షరాలు. రోజూ కాఫీ కొట్లో ఇచ్చిపుచ్చుకుంటారు, ఒక్కరూ చదవరు, అని నవ్వారు.

ఆ తర్వాత దేశం నినాదం దగ్గరికొచ్చారు. ఆ మారీ ఉస్క్వే ఆద్ మారే, సముద్రం నుంచి సముద్రం దాకా. బైబిల్లో ఒక కీర్తనలోంచి తెచ్చుకున్న ముక్క అది. ఒక రాజు ఏలుబడి ఎంత దూరం సాగాలో చెప్పే వాక్యమట. అసలు వాక్యంలో ఏలడమన్న మాట ఉంది, ఒక నది ఉంది, భూమి చివరలున్నాయి. అదంతా కోసేసి నడుమనున్న నాలుగైదు మాటలు తీసుకున్నారు. అట్లాంటిక్ నుంచి పసిఫిక్ దాకా రైలు వేసుకుంటున్న కొత్త దేశానికి అవి సరిపోయాయి. "దేశాల నినాదాలన్నీ ఇంతేనండి. ఎక్కడివో పాత మాటలు, సగానికి కోసినవి. ఉన్న మాటలు అందరూ చదువుతారు. మీరు కోసేసినవి కూడా వెతకండి," అన్నారు. ఉత్తరాన మూడో సముద్రం ఒకటుంది, అక్కడా మనుషులున్నారు, నినాదంలో మాత్రం వాళ్ళు లేరు, అని ఇంకా చెప్పబోతుండగా నేను చెయ్యెత్తాను.

"మాస్టారూ, దీని మీద ఒక్క ప్రశ్నే వస్తుందండీ. టిక్కు పెడితే అయిపోతుంది. కాస్త ప్రావిన్సుల రాజధానులు చెబుదురూ," అన్నాను.

నలుగురూ నవ్వారు. ఆయన ఫ్లాస్కు మూత బిగించి, అలాగేనండి అని, గంటసేపు రాజధానులు చెప్పారు. నాకు పరీక్షలో ఇరవైకి ఇరవై వచ్చాయి. నినాదం మీద ప్రశ్న రానేలేదని ఆయనకే ఫోన్ చేసి చెప్పి మరీ నవ్వాను.

ఆ నోటి దురుసుతనం తెలిసి కూడా ఆయన నన్ను ఎందుకు దగ్గరికి తీశారో తెలియదు. బహుశా ఆ క్లాసులో చివరిదాకా మిగిలి ఆయన్ని కారులో ఇంటి దగ్గర దింపినవాణ్ణి నేనే కావడం వల్లనేమో. అలా దింపుతున్న ఒక రోజు తన కథ చెప్పారు. ఫాదర్లు కావడానికి చదివే సెమినరీలో పన్నెండేళ్ళప్పుడు చేర్పించారట. పూజ అంతా లాటిన్‌లో జరిగే రోజులు. ఆరేళ్ళు కష్టపడి నేర్చుకున్నారు. ఇంతలో రోమునుంచి కబురొచ్చింది, ఇకనుంచి ఎవరి భాషలో వాళ్ళు పూజ చేసుకోవచ్చని.

"నేను లాటిన్ నేర్చుకునేసరికి దేవుడికి తెలుగొచ్చేసిందండీ," అన్నారు.

ఈ ఒక్క మాట ఆయన నోటివెంట ఇరవైసార్లు విని ఉంటాను. ప్రతిసారీ మొదటిసారి చెబుతున్నట్టే చెప్పేవారు. ఆ తర్వాత సెమినరీ వదిలేశారు, పెళ్ళి చేసుకున్నారు, ఇటు వచ్చారు. ఫ్యాక్టరీలో తలుపులు ఒకదాని వెనక ఒకటి వస్తుంటే, రబ్బరు నొక్కుతూ మనసులో లాటిన్ వల్లె వేసుకునేవారట. ఎందుకూ పనికిరాని చదువని తనకే అనిపించేది. పౌరసత్వం ప్రమాణం చేసిన రోజు, జడ్జిగారి వెనక గోడ మీద రాజముద్ర కనిపించింది. హాలంతా కలిపి వందమంది ఉంటే దాన్ని చదవగలిగింది తానొక్కడే. జడ్జికి కూడా వచ్చి ఉండదని ఆయన గట్టి నమ్మకం. "ఏడుపొచ్చిందండీ. పక్కావిడ నేను దేశభక్తితో ఏడుస్తున్నాననుకుని టిష్యూ ఇచ్చింది," అన్నారు.

ఆ తర్వాత పదేళ్ళకు పైగా మా ఇంటికి రాకపోకలు. ఆయన భార్య పోయాక ఆదివారం భోజనం మా ఇంట్లోనే. ఆయన నోట ప్రావిన్సుల నినాదాలన్నీ మనుషులయిపోయేవి. ఒంటారియోది, ఎలా విధేయంగా మొదలైందో అలాగే విధేయంగా ఉంటుంది అని. ఇది మా సూపర్‌వైజర్ రాసినట్టుంది అనేవారు. సస్కాచివన్‌ది, అనేక జాతుల్లోంచి బలం. కూతురు సస్కటూన్‌లో నర్సింగ్ చదువుతున్నప్పుడు వెళ్ళి చూసొచ్చారట, మనల్ని కూడా లెక్కలోకి తీసుకున్నది ఇదొక్కటేనని మెచ్చుకునేవారు. ప్రిన్స్ ఎడ్వర్డ్ ద్వీపానిది, పెద్దదాని నీడలో చిన్నది. ముద్ర మీద పెద్ద ఓక్ చెట్టు, దాని పక్కన మూడు బుల్లి మొక్కలు ఉంటాయి. అది ఆయనకి అన్నిటికన్నా ఇష్టం. "ఇది నాదండి. వాళ్ళకి అద్దెకిచ్చాను," అనేవారు.

ఒక ఆదివారం మా ఆవిడ గోంగూర పచ్చడి వడ్డిస్తుంటే అమెరికా నినాదం ఎత్తుకున్నారు. అనేకాల్లోంచి ఒకటి అని దాని అర్థం. దానికి దగ్గరి మాట ఏదో పాత లాటిన్ పద్యంలో, ఒక పేద రైతు పొద్దున్నే వెల్లుల్లీ ఆకులూ జున్నూ కలిపి రోట్లో పచ్చడి నూరుకునే చోట ఉందని కొందరంటారట. నూరగా నూరగా రంగులన్నీ పోయి ఒకే రంగు వస్తుంది. అంత పెద్ద దేశం పచ్చడి దగ్గర అప్పు తెచ్చుకుందన్నమాట, అని మా ఆవిడ నవ్వింది. ఆయన వేలితో కంచం అంచు నొక్కుతూ, "పచ్చడి బాగానే ఉంటుందమ్మా. వెల్లుల్లినెవరూ అడగరు," అన్నారు.

ఇక నా సంగతి. మా తెలుగు సంఘానికి పాతికేళ్ళు నిండుతున్నాయి. నేను కార్యదర్శిని. అధ్యక్షుడు ఎవరిదో కాన్వొకేషన్‌కి వెళ్ళి యూనివర్సిటీ ముద్ర చూసొచ్చి, మన సంఘం గుర్తయిన కలశం బొమ్మ కింద కూడా ఒక లాటిన్ నినాదం ఉంటే హుందాగా ఉంటుందన్నాడు. చేయించే పూచీ నాదన్నాను. ఆ సాయంత్రమే మాస్టారి అపార్ట్‌మెంట్‌కి వెళ్ళి చెప్పాను. ఆయన లేచి వెళ్ళి, గోడ మీది పాత క్యాలెండరు తీసి, వెనకవైపు తెల్లకాగితం బల్ల మీద పరిచారు. ఎన్ని రోజులు టైముంది, అని మాత్రం అడిగారు.

రెండు నెలలు పట్టింది. నాలుగు మాటలకి రెండు నెలలు. లైబ్రరీనుంచి ఫోన్ చేసి, నిన్నటిది కొట్టేశాను, గొప్పలు పోతున్నట్టుంది, అనేవారు. ఇంకోసారి, మొన్నటిది ఏడుస్తున్నట్టుంది, సంఘానికి ఏడుపెందుకు, అనేవారు. చివరికి కాఫీ షాపులో కూర్చోబెట్టి మడత కాగితం నా వైపు జరిపారు. టెర్రా ఆలియా, లింగ్వా ఏయాడెమ్. నేల వేరు, భాష అదే. మూడుసార్లు నా చేత చదివించి, చివరి మాట పలకడం నేర్పారు. తర్వాత బల్ల అంచు నొక్కుతూ, నా మొహం చూడకుండా అడిగారు.

"కింద చిన్న అక్షరాల్లో నా పేరు వేస్తారాండీ? మా అమ్మాయికి చూపిద్దామని. చిన్నప్పుడు అడిగేది, డాడ్, ఆ భాషలో నువ్వు ఎవరితో మాట్లాడతావు అని."

"చిన్న అక్షరాలేంటి మాస్టారూ, పెద్ద అక్షరాల్లోనే వేయిస్తాం," అన్నాను.

కమిటీ మీటింగులో ఆ నాలుగు మాటలూ బోర్డు మీద రాశాను. అందరికీ నచ్చాయి. ఎవరు రాశారని అధ్యక్షుడు అడిగాడు. నేను నోరు తెరిచేలోపు అతనే అన్నాడు, లాటిన్ అంటే చర్చి భాషంటారు, ఆ లైబ్రరీ ఆయన చేత రాయించలేదు కదా, రేపు ట్రస్టీలు ఆయనెవరు, ఏమిట్లు అని మొదలెడతారు, పండగ పూట మనకెందుకది, అని. ఏమిట్లు అంటే ఏ కులమని, అక్కడున్న అందరికీ తెలుసు. ఎవరూ తల ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. తెలిసినవాళ్ళని కనుక్కుని నేనే తయారు చేయించాను, నాదీ పూచీ, అన్నాను. రెండు నిమిషాల్లో ఆమోదం అయిపోయింది. ఇంటికి వస్తూ కారులో నన్ను నేనే మెచ్చుకున్నాను. ముందు మాటలు గట్టెక్కించాను, పేరు సంగతి తర్వాత నెమ్మదిగా చూసుకోవచ్చని. అంత తెలివైనవాణ్ణి నేను.

ఉత్సవం ఒక హైస్కూలు ఆడిటోరియంలో జరిగింది. వేదిక మీద ఇరవై అడుగుల బ్యానర్, కలశం కింద నాలుగు మాటలు. మాస్టారు నాలుగో వరసలో చివరి కుర్చీలో కూర్చున్నారు. కోటు ఇస్త్రీ చేయించారు, మఫ్లర్ లేదు. కూతురికి డ్యూటీ ఉందట, రాలేదు. సన్మానాలు మొదలయ్యాయి. మన సంఘాల్లో సన్మానాలు ఎలా ఉంటాయో తెలిసిందే కదా. జాబితా ఒకరు రాస్తారు, చదివేది ఇంకొకరు, శాలువా కప్పే మనిషికి ఎవరికి కప్పుతున్నాడో తెలియదు. వ్యాఖ్యాత కాగితం తిప్పి, ఈ అపురూపమైన లాటిన్ నినాదాన్ని స్వయంగా రూపొందించిన మన కార్యదర్శిగారు, అని నా పేరు పిలిచాడు.

వేదిక మెట్లు ఐదు. ఐదు మెట్లు ఎక్కడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ చెబుదామనే అనుకున్నాను. పైకి వెళ్ళాక అందరూ లేచి చప్పట్లు కొట్టారు. మార్కమ్‌నుంచి మా వియ్యంకులొచ్చి ముందు వరసలో ఉన్నారు. భుజాల మీద శాలువా పడింది. చేతికి మైకిచ్చి రెండు మాటలు చెప్పమన్నారు. అప్పటికైనా ఒక్క వాక్యం సరిపోయేది. నేను పది నిమిషాలు మాట్లాడాను. నాలుగు మాటలకీ అర్థం చెప్పాను. సముద్రం నుంచి సముద్రం చెప్పాను, కోసేసిన ముక్క చెప్పాను, మూడో సముద్రం చెప్పాను. రోట్లో పచ్చడి చెబితే హాలంతా నవ్వింది. దేవుడికి తెలుగొచ్చిన మాట ఒక్కటే చెప్పలేదు. అది చెబితే ఎవరిదో తెలిసిపోతుంది. నాలుగో వరసలో మాస్టారు అందరితో పాటు చప్పట్లు కొట్టారు.

భోజనాల దగ్గర పేపర్ ప్లేటు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"చివరి మాట బాగా పలికారండీ. చాలామంది అక్కడ తడబడతారు," అన్నారు.

ఎత్తిపొడుపేమో అని ఆయన మొహం వెతికాను. ఏమీ లేదు. అనౌన్సర్ పొరపాటు పడ్డాడు మాస్టారూ, ఉత్సవం సావనీర్ పుస్తకం అచ్చవుతుంది, అందులో సరిచేస్తాను, అని గొణిగాను. "సావనీర్‌లో వేస్తే చాలండి. అదైతే ఉంటుంది," అన్నారు. నా భుజం మీది శాలువా జారుతుంటే పైకి లాగి, అంచు బొటనవేలితో నొక్కి, పెరుగన్నం వైపు వెళ్ళిపోయారు.

సావనీర్ ప్రూఫు నా ఈమెయిలుకే వచ్చింది. ఏడో పేజీలో శాలువాతో నా ఫోటో, కింద నినాదం, దాని కింద రచన అని నా పేరు. సరిచేయడానికి రెండు రోజుల గడువిచ్చారు. అప్పటికే ఆ ఫోటోని మా ఆవిడ ఫ్రేము కట్టించి హాల్లో పెట్టింది. ఆమెకీ నిజం చెప్పలేదు. పచ్చడి వడ్డించిన మనిషి, ఆమెకి తెలియకపోవడమేమిటి, అని మీరనుకోవచ్చు. ఆ ఆదివారాలన్నిటి ఫలితంగా నాకే లాటిన్ పట్టుబడిందని ఆమె అనుకుంది, నేను అనుకోనిచ్చాను. వియ్యంకులు మెచ్చుకున్నారు. ఇండియాలో మా తమ్ముడు ఫ్యామిలీ గ్రూపులో ఆ ఫోటో పెట్టి, మా అన్నయ్యకి లాటిన్ కూడా వచ్చు అని రాశాడు. రెండో రోజు మధ్యాహ్నం, అంతా బాగుంది, ప్రింట్ చేయండి, అని ప్రెస్సుకి జవాబిచ్చాను.

పెట్టెలు వచ్చి మా గరాజ్‌లోనే దిగాయి, పంచే బాధ్యత నాదే కాబట్టి. మాస్టారు ఒకసారి ఫోన్ చేసి సావనీర్ వచ్చిందాండీ అని అడిగారు. నేను గరాజ్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. ప్రెస్సులో లేటయిందన్నాను. మూడు వారాల తర్వాత లైబ్రరీలో ఎదురుపడి మళ్ళీ అడిగారు. ఇంకా లేదన్నాను. తొందరేం లేదండీ అన్నారు. ఆ తర్వాత అడగలేదు. అప్పటికి ఊళ్ళో ఆయన తప్ప మిగతా అందరి ఇళ్ళకీ ఆ పుస్తకం చేరింది. ఎవరింట్లోనైనా టీపాయ్ మీద చూశారో లేదో నాకు ఈనాటికీ తెలియదు.

నేను తప్పించుకు తిరగడం మొదలుపెట్టాను. ఆదివారం భోజనాలకి ఏదో ఒక అడ్డం చెప్పాను. ఒకసారి ఇండియన్ స్టోర్‌లో ఆయన కంఠం వినిపిస్తే బియ్యం బస్తాల వెనక ఒంగి, చీటీ చదువుతున్నట్టు నిలబడ్డాను. అరవై నాలుగేళ్ళ మనిషిని, పేరున్న కంపెనీలో ఇంజినీరుగా రిటైరైనవాణ్ణి. ఆయన కౌంటర్ దగ్గర టీపొడి ఒక్కటే కొనుక్కుని, ఆ అమ్మాయికి చిల్లర బిళ్ళ మీద అక్షరాలు చూపించి ఏదో చెప్పి వెళ్ళిపోయారు.

ఫిబ్రవరిలో సంఘం వాట్సాప్ గ్రూపులో ఆయన పోయారని కబురొచ్చింది. మూడు వారాలు హాస్పిటల్లో ఉన్నారట. నాకెవరూ చెప్పలేదు, నేనూ ఎవరినీ అడిగి ఉండలేదు. చూడ్డానికి వెళ్ళాను. ఫ్యూనరల్ హోమ్‌లో ఆ గోధుమరంగు కోటే వేసి పడుకోబెట్టారు. చేతులు రెండూ ఒకదాని మీద ఒకటి, కుడి బొటనవేలు పైన. వాళ్ళమ్మాయి వచ్చి పలకరించింది. నలభై దాటి ఉంటుంది. హామిల్టన్‌లో నర్సు. తెలుగు అర్థమవుతుంది కానీ జవాబు ఇంగ్లీషులోనే ఇస్తుంది.

"అంకుల్, డాడ్ రాసిన లాటిన్ మీ బుక్‌లో ఉందట కదా. హీ టోల్డ్ ఎవ్రీ నర్స్ ఆన్ ద ఫ్లోర్. కెన్ ఐ గెట్ వన్ కాపీ? రేపు డాడ్‌తో పెట్టాలని," అంది.

చూస్తానమ్మా అన్నాను. కాపీలు అయిపోయాయని చెప్పేద్దామా అని దారంతా ఆలోచించాను. మర్నాడు పొద్దున గరాజ్‌లో ఆఖరి పెట్టె విప్పి ఒకటి తీశాను. ఏడో పేజీ చూశాను. అప్పుడు చేసిన పని రాయడానికి కూడా చెయ్యి రావడం లేదు. కంప్యూటర్‌లో అదే సైజు అక్షరాల్లో మాస్టారి పేరు కొట్టి, స్టికర్ కాగితం మీద ప్రింట్ తీసి, కత్తెరతో సన్నగా కత్తిరించి, నా పేరు మీద అంటించాను. దూరం నుంచి చూస్తే అచ్చులాగే ఉంది. చనిపోయిన మనిషిని కూడా మోసం చేయడానికి పది నిమిషాలు పట్టింది.

చర్చిలో ప్రార్థన మొదలవకముందు పుస్తకం ఆమె చేతిలో పెట్టాను. ఏడో పేజీ తెరిచింది. శాలువా కప్పుకున్న నా ఫోటో చూసింది. నాలుగు మాటలు చూసింది. కింద పేరు చూసింది. స్టికర్ ఒక మూల కొద్దిగా లేచి ఉంది. గరాజ్ చలికి జిగురు సరిగా పట్టలేదు. ఆమె ఆ మూల మీద కుడి బొటనవేలు ఆనించింది. లాగేస్తుందనుకున్నాను. లాగలేదు. ఆ చివరనుంచి ఈ చివరకి, అంచు పొడవునా నెమ్మదిగా నొక్కుకుంటూ వచ్చి, చివర గట్టిగా ఒక నొక్కు నొక్కింది. థాంక్యూ అంకుల్ అని వెళ్ళి, పుస్తకాన్ని తండ్రి పక్కన పెట్టింది. నేను వెనక బెంచీలో కూర్చున్నాను.

ఆ నొక్కు ఏడాది పాటు నన్ను వదల్లేదు. పోయిన వారం పాస్‌పోర్టు వచ్చిన రోజు, భూతద్దంలో రాజముద్ర చూస్తుంటే నడుమనున్న డాలు చుట్టూ ఎర్ర పట్టీ ఉంటుందని ఆయన చెప్పింది గుర్తొచ్చింది. దాని మీద ఇంకో లాటిన్ మాటుంది, మెరుగైన దేశాన్ని కోరుకునేవాళ్ళు అని. దేశానికి సేవ చేసినవాళ్ళకిచ్చే పతకం మీది మాట. అసలు పుట్టింది మాత్రం బైబిల్లో, సొంత చోటు లేక తిరిగే పరదేశుల గురించి చెప్పిన చోట. "మన గురించి రాసి, వాళ్ళ మెడలో వేశారు," అని ఆయన నవ్వేవారు. అట్ట మీద ఎర్ర రంగు లేదు, అంతా బంగారమే. ఆ పట్టీ నాకు కనిపించలేదు. భూతద్దం పక్కన పెట్టి ఫోన్ తీసుకున్నాను.

ఆ అమ్మాయికి అంతా చెప్పాను. మీటింగు, శాలువా, ప్రూఫు, గరాజ్, బియ్యం బస్తాలు, ఏదీ దాచలేదు. హాల్లో మా ఆవిడ వింటోందని తెలిసే గట్టిగా చెప్పాను. చివర, సంఘం పత్రికలో ఇదంతా రాస్తానమ్మా, మీ నాన్నగారి పేరు పెద్ద అక్షరాల్లో వేయిస్తాను, అన్నాను. ఈ మాట ఇంతకుముందొకసారి ఆయనకీ ఇచ్చానని అన్నాక గుర్తొచ్చింది.

ఆమె వెనక హాస్పిటల్ చప్పుళ్ళు వినిపిస్తున్నాయి.

"రాయండి అంకుల్. బట్ ప్లీజ్, నాట్ హిజ్ నేమ్," అంది.

ఎందుకమ్మా అన్నాను. ఎప్పుడూ ఇంగ్లీషులోనే జవాబిచ్చే పిల్ల, మాటలు కూడబలుక్కుంటూ తెలుగులో చెప్పింది.

"పేరు అప్పుడు నాన్నకి కావాలి. ఇప్పుడు మీకు కావాలి."

అందుకే ఇందులో ఆయన పేరు లేదు. మా ఆవిడ హాల్లో ఫోటో తీసేసింది, గోడ మీద మేకు మిగిలింది. ఇది పత్రికకి పంపిస్తున్నాను. పైన నా పేరు వేస్తారు, ఈసారి కూడా.